పక్క వేసుకుని మరీ

ఆ ఫోటో ఇంకా నా ఫోన్లోనే ఉంది. తీసింది నేనే. రాత్రి రెండు దాటింది. ఆఫీసు క్యాబ్ దిగి గేటు ముందు నిలబడి రెండుసార్లు పిలిచాను. గొళ్లెం టకటకలాడించాను. ఎవరూ రాలేదు. ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి గొళ్లెం నేనే తీసుకుని లోపలికొచ్చాను. లిఫ్ట్ పక్కన, మెట్ల కింద మా వాచ్‌మన్ నేల మీద పక్క వేసుకుని నిద్రపోతున్నాడు. ఒక చెయ్యి తల కింద ఉంది, రెండో చేతిలో టార్చిలైటు. ఫోటో తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కింద ఒక్క ముక్క రాశాను: ‘మన సెక్యూరిటీ ఇదీ.’

పొద్దున లేచేసరికి నలభై మెసేజీలు. అందులో ఒకాయన రాసిన మాట అందరికీ నచ్చింది: ‘కునుకు పట్టిందంటే అర్థం చేసుకోవచ్చు. పక్క వేసుకుని మరీ పడుకున్నాడు చూడండి.’ దానికి పదిహేను బొటనవేళ్లు. వాటిలో ఒకటి నాది. నెలాఖరుకి ఆయన్ని పంపించేశారు. భార్యతో, రెండు సంచులతో, ఒక స్టీలు బిందెతో ఆటో ఎక్కడం బాల్కనీలోంచి చూశాను.

ఇంకోటి కూడా చెప్పాలి. పనిలో చేరిన మొదటి వారంలో ఆయన నాతో మాట కలపబోయి, “మాది దోర్నాల పక్కన సార్” అన్నాడు. నాది దోర్నాలే. పెద్దదోర్నాల. మార్కాపురం నుంచి వచ్చే రోడ్డు ఒక కొమ్మ శ్రీశైలానికీ, ఒక కొమ్మ ఆత్మకూరు మీదుగా కర్నూలుకీ చీలే ఊరు. నల్లమల ఎక్కబోయే బస్సులు టీలకి ఆగే ఊరు. “ఓహో” అని లిఫ్ట్ ఎక్కేశాను. మనూరే అని చెబితే రేపట్నుంచి “అబ్బయా” అంటాడేమో, ఎప్పుడన్నా వెయ్యో రెండువేలో అడుగుతాడేమో అని భయం. హైదరాబాద్ వచ్చి పదేళ్లయినా ఆ భయం పోలేదు. అసలు పదేళ్ల వల్లే వచ్చిందేమో.

ఆయన వెళ్లిపోయాక నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. కాపలావాడు నిద్రపోతే తప్పు ఎవరిది?

*

ముందు నా నిద్ర సంగతి. నాకు నాలుగేళ్లుగా సరిగా నిద్ర పట్టదు. మా క్లయింటు అమెరికాలో ఉంటాడు, వాళ్ల పగలు మా రాత్రి. వారంలో మూడు రోజులు ఇంటికి వచ్చేసరికి రెండవుతుంది. నిద్ర పట్టకపోతే మనలాంటి వాళ్లం ఏం చేస్తాం? కొంటాం. నేను ముప్పై రెండు వేలు పెట్టి మెమరీ ఫోమ్ పరుపు కొన్నాను. వంద రాత్రులు పడుకుని చూసి నచ్చకపోతే తిరిగి ఇచ్చేయొచ్చన్నారు. మెడకి వంపు దిండు, కిటికీకి వెలుతురు రాని నల్ల పరదాలు, చేతికి నిద్రకి మార్కులు వేసే వాచీ. మొదటి రాత్రి యాభై ఎనిమిది వచ్చాయి. ఇంటర్‌లో కూడా నాకు అంత తక్కువ రాలేదు. ఆ మార్కుల గురించి ఆలోచిస్తూ రెండో రాత్రి అసలే పట్టలేదు.

తర్వాత చదివితే తెలిసింది, నిద్రలోకి జారాలంటే ఒంటి లోపలి వేడి కాస్త తగ్గాలని. అరచేతుల నుంచి, అరికాళ్ల నుంచి ఆ వేడి బయటికి పోతుంది. ఒంటి ఆకారంలో కుంగి పట్టుకునే ఫోమ్ ఆ వేడిని పోనివ్వదు. నేను ముప్పై రెండు వేలకి కొన్నది ఒక కుంపటి. మా ఊళ్లో నులక మంచానికి అడుగంతా ఖాళీ. గాలి కింద నుంచి వస్తుంది, పై నుంచి పోతుంది. ఎండాకాలం సాయంత్రం వాకిట్లో నీళ్లు చల్లి మంచం వేసేవాళ్లం. నులక వదులైతే కాళ్ల వైపు తాడు లాగి బిగించుకోవడం, పైన అమ్మ కుట్టిన బొంత, అంతే. టాంజానియాలోని హద్జాలు, ఆఫ్రికాలోనే శాన్ ప్రజలు, బొలీవియాలోని చిమానేలు ఎలా నిద్రపోతారో 2015లో పరిశోధకులు కొలిచి చూశారు. కరెంటు వెలుతురు లేని చోట బతికే ఈ మూడు జనాలూ సగటున పడుకునేది రాత్రికి 5.7 నుంచి 7.1 గంటలే. అదీ చీకటి పడగానే కాదు, గాలి చల్లబడే వేళకి. మనకంటే వాళ్లేమీ ఎక్కువ నిద్రపోవడం లేదు. కాకపోతే పట్టలేదని బాధపడేవాళ్లు బాగా తక్కువ.

నాస్టాల్జియా రాయడానికి ఇదంతా చెప్పడం లేదు. నులక మంచంలో నల్లులుండేవి. వాకిట్లో దోమలుండేవి. వర్షం పడితే అర్ధరాత్రి మంచాలు ఎత్తుకుని లోపలికి పరిగెత్తేవాళ్లం. నేను చెప్పదలచుకున్నది వేరు. ఎంత ప్రయత్నించినా, ఎంత ఖర్చుపెట్టినా, నిద్ర నా మాట వినలేదు.

మన భాషకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. తెలుగులో నిద్ర ‘వస్తుంది’. తర్వాత ‘పడుతుంది’. ఆ తర్వాతే మనం ‘పోతాం’. మొదటి రెండు పనులూ నిద్రవే, మనవి కావు. చివరిదొక్కటే మనది, అదీ పోవడం. నాకు నిద్ర లేని రాత్రి “నిద్ర పట్టలేదు” అంటాను. అందులో నా తప్పేమీ ఉండదు. విన్నవాళ్లు “అయ్యో” అంటారు, మెగ్నీషియం మాత్రలు చెబుతారు. అదే వాచ్‌మన్ దగ్గరికి వచ్చేసరికి “నిద్రపోయాడు” అన్నాం. కర్త ఆయన, క్రియ ఆయనది, కాబట్టి నేరమూ ఆయనదే. ‘కునుకు పట్టిందంటే అర్థం చేసుకోవచ్చు’ అన్న పెద్దమనిషికి ఈ తేడా బాగా తెలుసు. అందుకే ఆయన సాక్ష్యంగా పక్కని చూపించాడు. కుర్చీలో తల వాలితే నిద్ర పట్టినట్టు. బొంత పరుచుకుంటే నిద్రపోయినట్టు.

*

నా వాదన కూడా వినండి, అది మరీ పనికిమాలిందేం కాదు. కొన్ని పనుల్లో మెలకువే పని. ఐసీయూలో నర్సు, స్టీరింగ్ ముందు డ్రైవరు, రైల్వే క్యాబిన్లో స్టేషన్ మాస్టరు నిద్రపోతే మనుషులు చచ్చిపోతారు. “పాపం, నిద్ర మన చేతిలో లేదు కదా” అని వాళ్లని వదిలేయలేం. కాపలా ఉంటానని జీతం తీసుకున్నవాడు కాపలా ఉండాలి. ఇందులో అన్యాయమేముంది?

నేను ఈ వాదనని కొన్నాళ్లు బాగానే నమ్మాను. తర్వాత ఒకరోజు ఆయన రోజుని లెక్క వేశాను. పొద్దున ఐదింటికి మోటారు, ఆరింటికి పాలు, పేపర్లు. ఏడు నుంచి కార్లు తుడవడం, చెత్త కిందికి దించడం. పగలంతా కొరియర్లు, ప్లంబర్లు, సిలిండర్లు. సాయంత్రం మళ్లీ మోటారు. రాత్రి పదకొండుకి గేటు. పన్నెండుకి సినిమా చూసొచ్చే వాళ్లు, రెండుకి నేను, నాలుగుకి ఎయిర్‌పోర్టు వెళ్లేవాళ్లు. ఐసీయూ నర్సుకి షిఫ్టు ఉంటుంది. స్టేషన్ మాస్టరుని దించడానికి ఇంకొకరు వస్తారు. ఈయనకి దింపేవాడు లేడు. మేము ఇరవై నాలుగు ఇళ్లవాళ్లం ఒక మనిషి ఇరవై నాలుగు గంటలూ కొన్నాం. మనిషి చేయలేని పనిని చేయాల్సిందని అనడం కుదరదని తత్వశాస్త్రంలో ఒక పాత మాట ఉంది, కాంట్ పేరు మీద చెబుతుంటారు. చేయగలిగినప్పుడే కర్తవ్యం. రోజుల తరబడి నిద్రపోకుండా ఉండటం ఎవరూ చేయలేరు. అలాంటప్పుడు ఆయన తప్పిన మాట అసలు ఆయన ఇవ్వగలిగిన మాటేనా? మేం అడగదగ్గ మాటేనా?

పక్క గురించి కూడా అప్పుడే ఇంకోలా తోచింది. నిద్ర ఎలాగూ వచ్చి పడుతుందని తెలిసినవాడు ఏం చేస్తాడు? గచ్చు మీద పడకుండా కింద ఏదైనా పరుచుకుంటాడు. అంతకు మించి ఆ బొంత సాక్ష్యం చెప్పేదేమీ లేదు.

*

పోయిన వేసవిలో ఊరెళ్లాను. రాత్రి కరెంటు పోయింది. నిద్ర పట్టక రోడ్డు మీదికి నడిచాను. శ్రీశైలం వైపు వెళ్లే రోడ్డుకి అటవీశాఖ చెక్‌పోస్టు ఉంటుంది. రాత్రి తొమ్మిదికి గేటు దించేస్తారు, మళ్లీ పొద్దున ఆరింటికే ఎత్తుతారు. అవతల అంతా పులుల అభయారణ్యం. నాగార్జునసాగర్-శ్రీశైలం అడవిని 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. రాత్రి పూట జంతువులు రోడ్డు దాటుతాయి, నీళ్లకి వస్తాయి, కాబట్టి రాత్రి వాటిది. శివరాత్రి రోజుల్లో సడలిస్తారు గానీ మామూలప్పుడు ఎంత పెద్దమనిషి కారైనా ఇటువైపు ఆగాల్సిందే.

చిన్నప్పుడు ఆ గేటు మాకు మామూలు విషయం. ఆ రాత్రి మాత్రం కాసేపు నిలబడి చూశాను. ఆగిపోయిన బండ్ల వరస. కార్లలో సీట్లు వాల్చుకుని కొందరు, తుపాను జీపు టాపు మీద దుప్పట్లు కప్పుకుని ఇంకొందరు. మూసేసిన కొట్టు అరుగు మీద ఒక ముసలమ్మ కొంగు పరుచుకుని పడుకుంది. కూరగాయల బండి డ్రైవరు ఒకతను బండి కింద చాప వేసుకుంటున్నాడు. పాతికేళ్లుంటాయి.

“గేటు పడ్డాక వచ్చావా?” అన్నాను.

“తొమ్మిదీ పదికన్నా. పది నిమిషాల్లో పోయింది.”

“మరిప్పుడెట్లా?”

“ఎట్లేముంది, పండుకోవటమే. నిన్న రాత్రి కూడా బండి మీదే ఉన్నా. ఓనరు ఫోన్ చేస్తే గేటు పడిందని చెప్తా. నిద్రొస్తందంటే ఊరుకోడన్నా. గేటు పడిందంటే మాత్రం ఏం మాట్లాడడు.”

ఇలా చెప్పి చాప మీద వాలాడు. నేనింకా అక్కడే ఉండగానే గురక మొదలైంది.

ఆ మాట నాతోపాటు ఇంటిదాకా వచ్చింది. పులి కోసం దించిన గేటు ఆ పిల్లాడికి నిద్రనిచ్చింది. నిద్రొస్తుందంటే అది బతిమాలుకోవడం. ఓనరుకి దయ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. గేటు పడిందంటే బేరం లేదు. డ్రైవర్ల కోసం మన దేశంలో చట్టం లేకపోలేదు. 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం చేశారు. రోజుకి ఎనిమిది గంటల పని, ఒక రోజు డ్యూటీకి మరో రోజు డ్యూటీకి మధ్య కనీసం తొమ్మిది గంటల విరామం అని రాశారు. కానీ అది వర్తించింది ఐదుగురికి తగ్గకుండా పనిచేసే సంస్థలకే. ఒక్క బండి ఓనరు దగ్గర పనిచేసే పిల్లాడి దాకా అది రాలేదు. వచ్చింది ఈ గేటు కర్రే.

సుప్రీంకోర్టు కూడా నిద్ర గురించి ఒకసారి మాట్లాడింది. 2011 జూన్ 4 అర్ధరాత్రి దాటాక ఢిల్లీ రాంలీలా మైదానంలో నిద్రపోతున్న నిరసనకారుల మీదికి పోలీసులు వెళ్లారు. ఆ కేసులో 2012 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పులో నిద్ర కూడా జీవించే హక్కులో భాగమని, అంటే 21వ అధికరణం కిందికి వస్తుందని చెప్పారు. పెద్ద మాటే. అయితే అక్కడ నిద్ర చెడగొట్టినవాళ్ల చేతుల్లో లాఠీలున్నాయి. మెట్ల కింద పడుకున్న మనిషిని లేపేది లాఠీ కాదు, కారు హారను. ఒక్కొక్కళ్లం ఒక్కసారే కొడతాం, అందుకే ఎవరికీ నేరంలా అనిపించదు.

*

మర్నాడు అమ్మకి ఫోటో చూపించాను. ఎందుకు చూపించానో తెలీదు. తిడుతుందని ఆశపడ్డానేమో. ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసి, “బొంత ఎవురు కుట్టారో గానీ కుట్టు బాగా దగ్గరగా ఏశారు” అంది. అప్పుడు చూశాను బొంతని. పాత చీరలు పొరలుగా పరిచి, అంచు నుంచి మధ్యకి చుట్టూ కుట్టుకుంటూ వచ్చారు. అచ్చం మా ఇంట్లో వాటిలాంటిదే. అన్నిసార్లు చూసిన ఫోటోలో నాకు ఒక్కసారి కూడా అది కనపడలేదు. ‘పక్క’ మాత్రమే కనపడింది.

జరిగిందంతా చెప్పాను. అమ్మ విని, “లేపకపోయావా అబ్బయా? లేచి గేటు తీసేవాడుగా” అంది. ఇంకేం అనలేదు, చింతపండు పిక్కలు తీసుకుంటూ కూర్చుంది.

నాకు ఆ ఆలోచనే రాలేదు. ఫోటో తీయడానికి పట్టినంత సేపు పట్టదు, భుజం తట్టడానికి.

మా చిన్నప్పుడు మా వీధికి కాపలావాడు లేడు. కానీ వీధి ఎప్పుడూ మొత్తంగా నిద్రపోయేదీ కాదు. ఒక తాత దగ్గుతూ లేచి కూర్చునేవాడు. పసిపిల్లల తల్లి ఎవరో ఒకరు ఊపుతూ ఉండేవాళ్లు. రాత్రి కరెంటు ఇచ్చే వారాల్లో మిరపచేనికి నీళ్లు కట్టడానికి మోటారు దగ్గరికి పోయేవాళ్లుండేవారు. తెల్లారుజాము మొదటి బస్సుకి లేచేవాళ్లు సరేసరి. హద్జాల మీదే 2017లో ఇంకో అధ్యయనం వచ్చింది. 33 మంది పెద్దవాళ్లని 20 రోజులు గమనిస్తే, అందరూ ఒకేసారి నిద్రలో ఉన్న సమయం మొత్తం కలిపి 18 నిమిషాలే. ముసలివాళ్లు పెందలాడే పడుకుని పెందలాడే లేస్తారు, వయసులో ఉన్నవాళ్లు ఆలస్యంగా పడుకుంటారు. ఎవరూ ఎవరినీ కాపలా పెట్టకుండానే ఎప్పుడూ ఎవరో ఒకరు మేలుకుని ఉంటారు. కాపలా అంటే వంతులవారీగా చేతులు మారే పని అన్నమాట. మనం దాన్నంతా ఒక్క మనిషి నెత్తిన పెట్టి, మిగతా వాళ్లం తలుపులేసుకున్నాం.

మన ఆడవాళ్ల పాటలకి ఈ లెక్క తెలుసు. ఊర్మిళాదేవి నిద్ర పాటలో లక్ష్మణుడు అడవిలో పద్నాలుగేళ్లు మేలుకుని ఉంటాడు, ఇక్కడ ఊర్మిళ ఆ పద్నాలుగేళ్లూ నిద్రపోతుంది. అన్నావదినల కాపలాకి ధర ఎంతో ఆ కథ దాచిపెట్టలేదు. ఒకరి మెలకువ ఎక్కడో ఒకచోట ఇంకొకరి నిద్రగా తేలాల్సిందే, భార్యాభర్తల జీవితంలోంచి అన్నేళ్లూ పోవాల్సిందే. మా అపార్ట్‌మెంట్‌లో ఒక మనిషి మెలకువని ఇరవై నాలుగు ఇళ్లవాళ్లం నిద్రగా పంచుకున్నాం. నా వాటా ముప్పై రెండు వేల పరుపు మీద పరుచుకున్నాను. అది నాకు పట్టనైనా పట్టలేదు.

*

తిరిగి వచ్చాక అసోసియేషన్ మీటింగ్‌లో రెండు మాటలు అడిగాను. ఒకటి, రాత్రి పదకొండు నుంచి ఐదు దాకా గేటుకి తాళం వేసి, ఇంటికో తాళంచెవి ఇవ్వడం. రెండు, రాత్రికి వేరే మనిషిని పెట్టడం. జీతం పన్నెండు వేలనుకున్నా ఇంటికి నెలకి ఐదు వందలు. నా పరుపు ఖరీదుతో నా వాటా ఐదేళ్లకి పైగా కట్టొచ్చు. ఒకాయన “తాళాలు మనమే తీసుకుంటే ఇంక వాచ్‌మన్ ఎందుకండీ” అన్నాడు. ఇంకొకావిడ “అలా అలవాటు చేస్తే పగలు కూడా పడుకుంటారు” అంది. చివరికి తాళంచెవి ఒప్పుకున్నారు. రెండో మనిషి సంగతి వచ్చే మీటింగ్‌కి వాయిదా వేశారు. ఆ మీటింగ్ ఇంకా జరగలేదు.

పాత వాచ్‌మన్ నంబరుకి ఫోన్ చేశాను. ఇంకెవరో ఎత్తారు. ఈసారి ఊరెళ్లినప్పుడు దోర్నాల చుట్టుపక్కల అడుగుతానని అమ్మ అంది. పేరు తప్ప నాకేమీ తెలీదని చెప్పాల్సి వచ్చింది. ఏ ఊరని ఆ రోజు లిఫ్ట్ దగ్గర అడిగుంటే తెలిసేది.

కొత్తాయన వచ్చి నాలుగు నెలలైంది. నిన్న రాత్రి రెండున్నరకి నా తాళంచెవితో గేటు తీసుకుని లోపలికొచ్చాను. ఆయన మెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“తాళం ఉంది కదండీ, పడుకోండి” అన్నాను.

“పర్లేదు సార్” అన్నాడు.

“నిజంగానే చెబుతున్నా. మా దోర్నాలలో తొమ్మిదింటికే గేటు పడిపోతుంది. పక్క వేసుకుని పడుకోండి.”

పక్క అనగానే నా చేతిలోని ఫోన్ వైపు చూశాడు. ఆయనకి ఆ ఫోటో సంగతి ఎవరో చెప్పే ఉంటారు. ఫోన్ జేబులో పెట్టుకున్నాను. “పర్లేదు సార్, మెలకువగానే ఉన్నా” అని లేచి నిలబడ్డాడు.